చక్రవర్తిగారి దొంగ దానపట్టా

స్థలం కొనేవాడు లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు. లేకపోతే అమ్మేవాడు రాత్రికి రాత్రి పుట్టిస్తాడు. ఈ విద్య మన రిజిస్ట్రారాఫీసు చెట్టు కింది దళారులు కనిపెట్టిందనుకుని వాళ్లను ఆడిపోసుకోకండి. వాళ్లకు గురువులు రోములో ఉన్నారు.

8వ శతాబ్దం. పోపుగారికి భూములున్నాయి. 756లో ఫ్రాంకుల రాజు పెపిన్ ఇచ్చినవే. కానీ మొన్న గద్దెనెక్కిన రాజు ఇచ్చిన ఆస్తికి పరువేముంది? నాలుగు వందల ఏళ్ల కిందటి కాన్‌స్టంటైన్ చక్రవర్తి పేరిట ఒక దానపట్టా తయారైంది. దాత ఎప్పుడో పోయాడు కాబట్టి సంతకానికి పిలవాల్సిన బాధ లేదు.

పట్టా ప్రకారం చక్రవర్తికి కుష్ఠు. పోపు సిల్వెస్టర్ బాప్తిస్మమిచ్చి నయం చేశాడు. వైద్యం ఫీజు: రోము, ఇటలీ, పడమటి దేశాలు. చాలదన్నట్టు, పోపు గుర్రానికి కళ్లెం పట్టి నడిచానని చక్రవర్తి తనే రాసుకున్నాడట! నిజానికి ఆయన బాప్తిస్మం పుచ్చుకున్నది 337లో, మరణశయ్య మీద, వేరే బిషప్ చేత.

దొంగపట్టాకు అత్యుత్సాహమే శత్రువు. కాన్‌స్టాంటినోపుల్ మీద కూడా పోపుదే పెత్తనమని రాసేశారు. పట్టా మీది తేదీకి ఆ నగరం పుట్టనే లేదు. దాని ప్రతిష్ఠ 330లో. 1950 నాటి దస్తావేజులో తూర్పు హద్దు హైటెక్ సిటీ అన్నట్టు!

1001లోనే మూడో ఒట్టో చక్రవర్తి ఇది దొంగదన్నాడు. అయినా అర్ధ శతాబ్దం తర్వాత పోపు తొమ్మిదో లియో దీన్నే ప్రమాణంగా చూపాడు. 1440లో లోరెంజో వల్లా అనే భాషాపండితుడు భూతద్దం పెట్టి చదివాడు. రోమన్ కొలువులో పర్షియా అధికారులైన ‘సాత్రపులు’ ఎలా దూరారని అడిగాడు. గుప్తుల శాసనంలో తహసీల్దారు దొరికితే మనమూ అడుగుతాం. అయితే వల్లాకు జీతమిచ్చేది పోపుతో తగాదాలో ఉన్న అల్ఫోన్సో రాజు. నిజానికీ ఒక పోషకుడు కావాలి మరి.

వల్లాకు ఏం శిక్ష పడిందంటారా? 1448లో మరో పోపు అతణ్ని తన కార్యాలయంలోనే రాయసకాడిగా పెట్టుకున్నాడు. దొంగపట్టా పట్టగలవాడి కలం ఎదుటివాళ్ల దగ్గర ఎందుకుండాలి?

పట్టా తేలిపోయింది, పొలం కదల్లేదు. పోపుల చేతి నుంచి రోము జారింది 1870లో. వల్లా వ్యాకరణం వల్ల కాదు, ఇటలీ ఫిరంగుల వల్ల.