ఒక మట్టి బొత్తాము ఆత్మకథ

మట్టిపాత్రలు చేసిన లూసీ రీ (1902–1995) కళను గురించి రాసినవారు సాధారణంగా ఆమె గిన్నెలతో, సన్నని మెడ గల కూజాలతో మొదలుపెట్టి, బొత్తాముల ప్రస్తావనను యుద్ధకాలపు జీవనోపాధి కింద ఒకటి రెండు వాక్యాలలో ముగిస్తారు. ఆ అమరిక సరైనది కాదని ఆ బొత్తాములలో ఒకటి ఇక్కడ తన చరిత్ర చెప్పుకుని విన్నవించుకుంటున్నది. తనను గురించి తాను చెప్పుకునేవారి మాటలో పక్షపాతం తప్పదు కనుక, పాఠకులు ఆ మేరకు తగ్గించుకుని చదువుకోవచ్చు.

లండన్‌లో హైడ్ పార్కుకు సమీపాన ఆల్బియన్ మ్యూస్ అనే సందు ఉంది. మ్యూస్ అంటే ధనికుల ఇళ్ల వెనుక గుర్రపుశాలలు ఉండిన వీధి. గుర్రాలు పోయిన తరువాత ఆ శాలలే చిన్న ఇళ్లుగా మారాయి. అటువంటి ఒక ఇంటి కింది భాగంలో ఈ బొత్తాము పుట్టింది. దాన్ని చేసిన లూసీ రీ వియన్నాలో వైద్యుని కుమార్తెగా, సంపన్న యూదు కుటుంబంలో పెరిగి, అక్కడి కళాపాఠశాలలో మిహాయెల్ పొవోల్నీ వద్ద కుండల పని నేర్చి, యూరప్‌లో పేరు తెచ్చుకుంటున్న తరుణంలో, 1938లో నాజీ జర్మనీ ఆస్ట్రియాను కలిపేసుకోవడంతో ఇంగ్లండ్‌కు వలస వచ్చింది. వియన్నాలోని పేరు లండన్‌లో చెల్లలేదు. ఆమెలాగే ఆస్ట్రియా నుంచి వచ్చిన ఫ్రిట్జ్ లాంప్ల్ తన బిమినీ కార్ఖానాలో గాజు బొత్తాములు చేయిస్తుండగా, ఆయన ప్రోత్సాహంతో ఆమె మట్టి బొత్తాములకు పూనుకుంది. 1941 నుంచి 1949 వరకు ఇంగ్లండ్‌లో బట్టలకు కూపన్లు అమలులో ఉన్నందువల్ల ఉన్న కోటునే కొత్తగా చూపించుకోవలసిన ఆ రోజుల్లో, అందమైన బొత్తాముకు గిరాకీ ఏర్పడింది.

తయారీ పైకి తేలికగా కనిపిస్తుంది. తడి మట్టిని ప్లాస్టర్ అచ్చులో అదిమితే, ప్లాస్టర్ మట్టిలోని తేమను పీల్చుకోగా ముద్ద కొద్దిగా కుంచించుకుని దానంతట అదే ఊడివస్తుంది. అసలు కష్టం గ్లేజుతో మొదలవుతుంది. గ్లేజు అంటే ఇసుకలో ఉండే సిలికాను, అది కరగడానికి తోడ్పడే ఖనిజాలను, రంగునిచ్చే లోహపు ఆక్సైడ్లను నీటిలో కలిపి మట్టి వస్తువుపై పూసే పూత. బట్టీ వేడికి అది కరిగి గాజుపొరగా అతుక్కుంటుంది. ఈ బొత్తాము అడుగున పూత ఏ మాత్రం మిగిలినా బట్టీ పలకకు అతుక్కుపోతుంది, దాని రెండు రంధ్రాలలోకి పూత దిగితే దారం దూరదు. కనుక కాల్చడానికి ముందు రంధ్రాలను ఒక్కొక్కటిగా శుభ్రం చేయాలి. ఆ పనికి కూర్చున్నవారిలో ఆమెవలె యూరప్ విడిచి వచ్చిన శరణార్థులు చాలామంది ఉండేవారు.

రంగు విషయం అంతకన్నా చిక్కైనది. ఫ్యాషన్ సంస్థలు తమ గుడ్డ ముక్కను పంపి, సరిగ్గా అదే రంగులో బొత్తాములు కావాలనేవి. చీర పట్టుకుని మ్యాచింగ్ సెంటరుకు వెళ్లి జాకెట్టు గుడ్డ వెతికే తెలుగు స్త్రీలకు ఈ పట్టింపు ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే జాకెట్టు గుడ్డ రంగు కంటికి ముందే కనిపిస్తుంది, గ్లేజు రంగు కాలితే తప్ప తెలియదు. నల్లని పొడిగా ఉండే రాగి ఆక్సైడు గ్లేజులో కరిగి ఆకుపచ్చ అవుతుంది, గ్లేజులో క్షారం ఎక్కువైతే నీలిమ వైపు మొగ్గుతుంది. మాంగనీసు గోధుమ రంగును, ఊదాను ఇస్తుంది. తగరపు ఆక్సైడు తెల్లబరుస్తుంది. గుడ్డ ముక్క పక్కన పెట్టి సరిచూసుకుంటూ, పాళ్లు మార్చి మళ్లీ కాలుస్తూ సాగిన ఈ పరీక్షలే తరువాతి కాలపు గులాబీ, పసుపు, నీలి గిన్నెలకు పునాది అని ఈ బొత్తాము గట్టిగా వాదిస్తుంది.

1946లో ఆల్బియన్ మ్యూస్‌లోని ఈ కార్ఖానాకు హాన్స్ కోపర్ వచ్చాడు. జర్మనీలోని కెమ్‌నిట్జ్‌లో పుట్టి, 1939లో ఇంగ్లండ్ చేరి, శత్రుదేశస్థుడన్న ముద్రతో కెనడా నిర్బంధ శిబిరానికి వెళ్లి తిరిగివచ్చిన ఆ యువకునికి కుండల పని బొత్తిగా తెలియదు. బొత్తాముల పనికే అతన్ని పెట్టుకున్నారు. కొద్దికాలంలోనే సారె మీద ఆరితేరి, 1958 వరకు అక్కడే పనిచేశాడు. అప్పటి ఆంగ్ల కుమ్మరి కళకు పెద్ద దిక్కైన బెర్నార్డ్ లీచ్ ఆమె పాత్రలు మరీ పలుచన అని ఆక్షేపించినప్పుడు, ఆమె కొంతకాలం ఆయన మెచ్చే బరువైన పాత్రలకు ప్రయత్నించగా, నీ దారిలో నువ్వు పొమ్మని ధైర్యం చెప్పినవాడు కోపరే. ఆ సలహా లేకపోతే ఇరవయ్యో శతాబ్దపు మట్టికళలో ఒక అధ్యాయం తగ్గిపోయి ఉండేది.

ఆమె స్వయంగా తన ప్రేరణలను గురించి మాట్లాడటం తక్కువ, వచ్చినవారికి టీ, కేకు ఇవ్వడం ఎక్కువ. అయినా రెండు మూలాలు సుప్రసిద్ధం. మొదటిది, ఐజెన్‌స్టాట్ పట్టణంలో ద్రాక్షసారా వ్యాపారి అయిన మేనమామ శాండర్ వోల్ఫ్ సేకరించిన రోమన్ కాలపు మట్టిపాత్రలు. చిన్ననాడు చూసిన ఆ నిరాడంబరమైన రూపాలు ఆమె చేతిలో చివరిదాకా నిలిచాయి. రెండవది, 1948లో ఏవ్‌బరీ మ్యూజియంలో కనిపించిన ప్రాచీన పాత్రలు. వాటిపై గీతలు ఉన్నాయి, ఆ గీతలు గీసిన పక్షి ఎముకలు పక్కనే ఉన్నాయి. తిరిగి వచ్చి ఆమె ఎముకకు బదులు ఉక్కు సూది పట్టింది. గిన్నెపై మాంగనీసు కలిసిన ముదురు పూత వేసి, దాన్ని సూదితో గీకితే అడుగునున్న తెలుపు వెంట్రుకవాసి గీతగా బయటపడుతుంది. ఈ పద్ధతిని స్గ్రాఫీటో అంటారు. కొలబద్ద లేకుండా చేతితోనే గీసినందువల్ల గీతల మధ్య ఎడం ఎక్కడా ఒకేలా ఉండదు, గిన్నెకు ప్రాణం వచ్చేది ఆ తేడా వల్లనే. మామూలుగా పాత్రను ఒకసారి కాల్చి, పూత పూసి, మళ్లీ కాలుస్తారు. ఆమె పచ్చి పాత్రకే కుంచెతో పూత పూసి, విద్యుత్ బట్టీలో సుమారు 1250 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒకేసారి కాల్చేది.

పాత్రలకు గౌరవం పెరిగిన కొద్దీ బొత్తాములు సొరుగులకు చేరాయి. వాటిని తిరిగి వెలుగులోకి తెచ్చినవాడు జపాన్ దుస్తుల రూపకర్త ఇస్సే మియాకె. 1989లో టోక్యోలో ఆమె పాత్రల ప్రదర్శన ఏర్పాటు చేసి, దాని అమరికను వాస్తుశిల్పి తడావో ఆండోకు అప్పగించిన మియాకె, అదే ఏడాది తన దుస్తులకు ఈ పాత బొత్తాములను కుట్టించాడు. ఆమె తన దగ్గర మిగిలిన బొత్తాములను మరణానంతరం ఆయనకే చెందేలా రాసిపెట్టింది. గుడ్డ ముక్కను చూసి బొత్తాము రంగును నిర్ణయించే పాత వరుస అలా తిరగబడింది: బొత్తాములు నలభై ఏళ్ల కిందటే కాలి సిద్ధంగా ఉన్నాయి, వాటికి తగిన కోట్లు తరువాత వచ్చాయి.