మీటరు గారి మైలేజ్

కారున్న ప్రతి తెలుగువాడి దగ్గరా మైలేజ్ అంకెలు నాలుగుంటాయి. మొదటిది షోరూంలో చెప్పింది. అది పరీక్షా కేంద్రంలో రోలర్ల మీద, గంటకు 90 కిలోమీటర్లు దాటని వేగంతో, ఎదురుగా ఆటో గానీ ఆవు గానీ రాని లోకంలో పుట్టిన అంకె. దాన్ని కొన్నవాడూ నమ్మడు, అమ్మినవాడూ నమ్మడు. రెండోది డ్యాష్‌బోర్డు మీద వెలిగేది. మూడోది బంకు బిల్లులు ముందు పెట్టుకుని లెక్కేస్తే తేలేది. నాలుగోది బావమరిదికి చెప్పేది. రెండోదానికి ఒకటి కలిపితే నాలుగోది వస్తుంది.

వీటిలో రెండోదానికున్న పరపతి ఇంక దేనికీ లేదు. పార్కింగ్‌లో పక్క ఫ్లాటాయన "హైవే మీద ఎంతిస్తోందండీ?" అని అడిగితే ఓనరు నోటితో జవాబు చెప్పడు. తాళం తిప్పి స్క్రీన్ చూపిస్తాడు. 21.4. ఇరవై ఒకటి అని ఊరుకుంటే అది ఎవరో చెప్పిన మాట అయ్యేది. చుక్క పెట్టి పక్కన నాలుగు వేశాక అది సైన్సు. పక్క ఫ్లాటాయన మొహం చిన్నబుచ్చుకుని లిఫ్టు వైపు వెళ్లిపోతాడు.

ఆ సైన్సు ఎలా తయారవుతుందో ఇద్దరిలో ఎవరూ అడగరు. ట్యాంకు నుంచి ఇంజన్‌కు వెళ్లే దారిలో పెట్రోల్‌ను చుక్కచుక్కగా కొలిచే పరికరం ఏదో ఉంటుందని చాలామంది అనుకుంటారు. మామూలు కార్లలో అలాంటిదేమీ ఉండదు. ఇంజెక్టర్లను తెరవమని, మూయమని చెప్పేది ఇంజన్ కంప్యూటరే కాబట్టి ఒక్కొక్కటి ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉందో దానికి తెలుసు. ఇంతసేపు తెరిస్తే ఇంత పెట్రోల్ పోయి ఉండాలని కంపెనీ ముందే లెక్క రాసిచ్చింది. దాన్ని బట్టి కూడికలు వేసుకుంటూ పోతుంది. ధాన్యం కొలవకుండా, గాదె తలుపు ఎంతసేపు తెరిచి ఉందో చూసి ఖాతా రాసే గుమస్తా అన్నమాట. తలుపు తీసిందీ తనే, టైము చూసిందీ తనే, ఖాతా రాసిందీ తనే.

తలుపు పాడైతే ఖాతా ఇంకా రసవత్తరంగా ఉంటుంది. ఇంజెక్టర్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ పెట్రోల్ వదులుతోందనుకుందాం. పొగగొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ ఆ సంగతి కనిపెట్టి ఫిర్యాదు చేస్తుంది. కంప్యూటర్ వెంటనే ఇంజెక్టర్ తెరిచే సమయం తగ్గిస్తుంది. ఇంజన్‌లోకి వెళ్లే పెట్రోల్ మళ్లీ మామూలు స్థాయికొచ్చింది. కానీ తెరిచింది తక్కువసేపు కాబట్టి ఖాతాలో పెట్రోల్ ఆదా అయినట్టు పడుతుంది. అలా బండి చెడిపోయి మైలేజ్ పెరుగుతుంది, స్క్రీన్ మీద.

లెక్కలో రెండో సగం దూరం. అదీ ఎవరూ టేపు పెట్టి కొలవరు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో చూసి చుట్టుకొలతతో గుణిస్తారు. కొత్త టైరుకు గాడి లోతు ఎనిమిది మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అది 1.6కి అరిగితే టైరు మార్చాలి. ఆ లోపు చక్రం వ్యాసార్ధం ఆరు మిల్లీమీటర్లకు పైగా తగ్గుతుంది. చిన్న కారు చక్రం వ్యాసార్ధం 300 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి తేడా రెండు శాతం. అదే రోడ్డుకు చిన్నదైన చక్రం ఎక్కువసార్లు తిరగాలి, ఖాతాలో ఎక్కువ కిలోమీటర్లు పడాలి. బోడి టైర్లతో తిరిగే పిసినారికి కొత్త టైర్ల డబ్బు మిగలడమే కాదు, మీటరు రెండు శాతం బోనస్ కూడా ఇస్తుంది.

ఈ గుమస్తా ఖాతాలను తనిఖీ చేసినవాళ్లు అమెరికాలో ఉన్నారు. కార్ల సమీక్షలకు పేరున్న ఎడ్మండ్స్ సంస్థ స్క్రీన్ అంకెలను బంకులో పోసిన లీటర్లతో పోల్చింది. మీటర్లు సగటున 5.5 శాతం ఎక్కువ చెప్పాయి. ఘనుడొకడు 19 శాతం దాకా వెళ్లాడు. ఏఏఏ అనే వాహనదారుల సంఘం ప్రయోగశాలలో చేసిన పరీక్షలో మాత్రం గుమస్తాలు కాస్త బుద్ధిగా కనిపించారు. సగటు తేడా 2.3 శాతం. ఒక కారు 6.4 శాతం ఎక్కువ చెప్పింది, ఇంకోటి 2.8 శాతం తక్కువ చెప్పింది. అదే కారులో నడిపే తీరు మారితే తేడా కూడా మారింది.

అయిదున్నర శాతమంటే ఎంత? స్క్రీన్ మీద 20 వెలుగుతున్న కారు నిజంగా ఇస్తున్నది 19 లోపు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాడు 50 లీటర్లు తాగిందనుకుంటాడు. బంకువాడు 52.75 లీటర్లకు డబ్బు తీసుకుంటాడు. ఆ రెండు ముప్పావు లీటర్లు ఎక్కడికి పోయాయంటే, నూటికి తొంభైమంది బంకు వైపే వేలు చూపిస్తారు. మనకు జరిగే మోసాలన్నీ బంకులోనే జరగాలన్నది మన సంప్రదాయం.

నిజానికి తూనికలు కొలతల శాఖ బంకుకు ఇచ్చిన సడలింపు అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్లు. అంటే అర శాతం. అనుమానం ఉన్నవాడు అయిదు లీటర్ల కొలపాత్ర తెమ్మని అడిగి కొలిపించుకోవచ్చు. అడిగేవాడు లేడు. "జీరో చూసుకోండి సార్" అని కుర్రాడు అన్నప్పుడు సీరియస్‌గా తల ఊపడంతో మన తనిఖీ పూర్తవుతుంది. ఇంకా తెలివైనవాళ్లు వెయ్యికి కాకుండా వెయ్యీ ఇరవైకి కొట్టిస్తారు. గుండ్రటి అంకెలకు మెషిన్‌లో ముందే ఏదో సెట్ చేసి ఉంచుతారని, బేసి అంకె వినగానే అది తికమక పడుతుందని వాళ్ల సిద్ధాంతం. పెట్రోల్‌ను లీటర్లలో కాక రూపాయల్లో కొనే ఈ అలవాటు వల్ల మూడో అంకె చాలా ఇళ్లలో పుట్టనే పుట్టదు. ఎన్ని లీటర్లు పోశారో తెలియాలంటే బిల్లు కావాలి. బిల్లు తీసుకుంటే ఆఫీసులో ఇచ్చేయాలి.

ఫుల్ ట్యాంకు పద్ధతి పాటించే క్రమశిక్షణాపరులకూ చిక్కులున్నాయి. నాజిల్ కొసన చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోల్ దాన్ని మూసేయగానే ఆటో కట్ పడుతుంది. కారు కాస్త పల్లంలో ఉన్నా, నురగ పొంగినా ఆ కట్ ముందు పడుతుంది. ఆ తర్వాత "ఇంకొంచెం పడుతుంది సార్, రౌండ్ చేస్తా" అని కుర్రాడు నొక్కే నొక్కుళ్లు వేరే. ఇరవై లీటర్లు పోయించుకున్న చోట ఒక్క లీటరు అటూ ఇటూ అయితే అయిదు శాతం పోయినట్టే. నాలుగైదు ట్యాంకుల సగటు తీస్తే తప్ప మూడో అంకెకు నిలకడ రాదు. పైగా ఆ లెక్కకు కావాల్సిన కిలోమీటర్లు చెప్పేదీ ఆ బోడి టైర్ల మీటరే.

గుమస్తా అసలు ప్రతిభ చూడాలంటే తిరుమల వెళ్లాలి. దిగేటప్పుడు ఘాట్ రోడ్డులో బండిని గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇంజెక్టర్లు మూసుకుపోతాయి. కిలోమీటర్లు పడుతున్నాయి, పెట్రోల్ సున్నా. సున్నాతో భాగిస్తే వచ్చేదానికి స్క్రీన్ మీద చోటు లేదు కాబట్టి చాలా కార్లలో అంకె 99.9 దగ్గర ఆగుతుంది. కొండ మీద మీటరు జీరో చేసి అలిపిరి దాకా దిగినవాడి సగటు చూస్తే, ఆ కారు పెట్రోల్ మానేసి ప్రసాదం మీద నడుస్తోందనిపిస్తుంది. ఎక్కేటప్పుడు తాగిందంతా ఆ జీరోతో పాటే చెరిగిపోయింది. ఫొటో మాత్రం ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్లిపోయింది. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించే మహానుభావులకు ఆ 99.9 భాగ్యం కూడా లేదు. న్యూట్రల్‌లో ఇంజన్ ఆరిపోకుండా ఉండడానికి పెట్రోల్ తాగుతూనే ఉంటుంది, బ్రేకులు కాలుతూనే ఉంటాయి.

మీటరే కరెక్టయి మనిషి తప్పయ్యే సందర్భం కూడా ఒకటుంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో వంద కిలోమీటర్లు తిరిగితే లీటరుకు పది ఇచ్చింది, విజయవాడ హైవే మీద మరో వంద తిరిగితే ఇరవై ఇచ్చింది. సగటు? పదిహేను అననివాడు ఉండడు. స్క్రీన్ మాత్రం 13.3 అంటుంది. సిటీలో పది లీటర్లు, హైవేలో అయిదు, మొత్తం పదిహేను లీటర్లకు రెండొందల కిలోమీటర్లు. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన లారిక్, సోల్ అనే ఇద్దరు 2008లో సైన్స్ పత్రికలో ఈ భ్రమ గురించే రాశారు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లని కాకుండా వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని అడిగితే పొరపాటు రాదు. యూరప్ వాళ్లు అలాగే అడుగుతారు. మన దగ్గర అలా అడిగితే తక్కువ అంకె వచ్చినవాడు గొప్పవాడవుతాడు. బావమరుదుల సమాజం దానికి ఒప్పుకోదు.

మైలేజ్ దగ్గర ఇంత దర్జా ఒలకబోసే మీటరు, ఇంకా ఎన్ని కిలోమీటర్లు వెళ్లొచ్చన్న ప్రశ్నకు మాత్రం పిరికిగా జవాబిస్తుంది. ఆ అంకె సున్నాకు చేరినా ట్యాంకు అడుగున ఇంకొంచెం మిగిలి ఉండేలా కంపెనీలు ముందే చూసుకుంటాయి. కారణం సులువే. మైలేజ్ ఎక్కువ చెబితే ఎవరూ షోరూంకి వెళ్లి గొడవపడరు. నందిగామ దాటాక బండి ఆగితే పడతారు. స్పీడోమీటరుదీ ఇదే రాజకీయం. అసలు వేగం కంటే తక్కువ చూపడానికి వీల్లేదని ఐక్యరాజ్యసమితి 39వ నంబరు నిబంధన చెబుతుంది. ఎక్కువ చూపడానికి మాత్రం పది శాతం, దాని మీద మరో నాలుగు కిలోమీటర్ల దాకా వెసులుబాటుంది.

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ మీద 2025లో రేగిన రచ్చలో ఈ గుమస్తాను ఏకంగా సాక్షి బోను ఎక్కించారు. మైలేజ్ పడిపోయిందనేవాళ్లూ డ్యాష్‌బోర్డు ఫొటోలే పెట్టారు, పడలేదనేవాళ్లూ అవే పెట్టారు. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోల్‌లో కంటే మూడో వంతు తక్కువ. పాత తరం కార్లకు ఆరేడు శాతం దెబ్బ తగలొచ్చని 2021 నాటి ప్రభుత్వ నిపుణుల కమిటీ నివేదికే చెప్పింది. తగాదా ఆరేడు శాతం గురించి, సాక్షి తడబాటు రెండు నుంచి అయిదున్నర శాతం. ఒకే కారులో నిన్నటి అంకెకూ ఇవాళ్టి అంకెకూ పోలిక కొంత చెల్లుతుంది. గుమస్తా ఎప్పుడూ ఒకే రకంగా తప్పు రాస్తే తప్పులు రెండు వైపులా కొట్టుకుపోతాయి. మన కారు ఫొటోను పక్క ఫ్లాటాయన కారు ఫొటోతో పోల్చడం మాత్రం ఇద్దరు గుమస్తాల చేతిరాతకు పోటీ పెట్టడమే.

యూరప్ ఈ ఖాతాకు చట్టం కట్టింది. 2021 నుంచి అక్కడ రిజిస్టరయ్యే కొత్త పెట్రోల్, డీజిల్ కార్లు తాము తాగిన ఇంధనం మొత్తాన్ని లోపల నమోదు చేసుకోవాలి. తేడా అయిదు శాతం మించకూడదు. ఆరు లక్షల వాహనాల వివరాలు పోగేసి 2024లో యూరోపియన్ కమిషన్ ప్రకటించిందేమంటే, పెట్రోల్, డీజిల్ కార్లు ప్రయోగశాల అంకెల కంటే సుమారు 20 శాతం ఎక్కువ తాగుతున్నాయి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లు మూడున్నర రెట్లు. రెండో అంకె మరీ అంత పాపాత్మురాలు కాదనిపించేది మొదటి అంకెను ఇలా పక్కన నిలబెట్టినప్పుడే.

ఇంత చదివి బెంగపడ్డ ఓనరుకు ఒక మంచివార్త. ఫోక్స్‌వ్యాగన్ బృందం తయారుచేసిన చాలా పాత కార్లలో స్క్రీన్ మీద చూపే వినియోగాన్ని సరిచేసుకోవడానికి ఒక సెట్టింగు ఉండేది. మెకానిక్ ల్యాప్‌టాప్ తగిలించి 85 శాతం నుంచి 115 శాతం మధ్య ఎక్కడైనా పెట్టొచ్చు. నిజానికది మీటరు తప్పును దిద్దడానికి పెట్టింది. కానీ 85 దగ్గర పెడితే 20 ఇచ్చే కారు ఆ క్షణం నుంచే 23.5 ఇస్తుంది. ఇంజన్ విప్పక్కర్లేదు, ఆయిల్ మార్చక్కర్లేదు, టైర్లలో గాలి కూడా చూడక్కర్లేదు. మెకానిక్ ల్యాప్‌టాప్ తెరిచి అడగాల్సింది ఒక్కటే: "ఎంత పెట్టమంటారు సార్?"