84 నెలల మోక్షం

మోక్షం కోసం ఇప్పుడు కాశీ దాకా వెళ్లక్కర్లేదు. డెన్మార్క్‌లో ఓ చిన్న ఊళ్లో అద్దె ఇల్లు, కిటికీలో రెండు కొవ్వొత్తులు, ఆగని ఇంటర్నెట్ ఉంటే చాలు. మనవాళ్లు కొందరు ఈమధ్య ఆ దారినే తరిస్తున్నారు. ఊరికే తరించి ఊరుకుంటే గొడవే లేదు, తరించిన సంగతి వారానికో వీడియో తీసి మరీ చెబుతున్నారు. "యూరప్ మారుమూల పల్లెలో మేమొక్కళ్లమే తెలుగు కుటుంబం!" అని పైన ఎర్రక్షరాలు.

ఆ మారుమూల పల్లె తరచూ బిలుండ్ అయి కూర్చుంటుంది. 1932లో ఓ వడ్రంగి పనిశాలలో లెగో బొమ్మల కంపెనీ పుట్టిన ఊరు. రైలు స్టేషన్ లేదు, ఒప్పుకుంటాను. కాకపోతే కోపెన్‌హేగెన్ తర్వాత దేశంలో అంతటి విమానాశ్రయం ఆ పల్లె పొలిమేరలోనే ఉంది. లెగోలాండ్ చూడ్డానికి దేశదేశాల పిల్లలు దిగే చోట మనవాడు కెమెరా ముందు అజ్ఞాతవాసం చేస్తుంటాడు.

ఇక ఆయన వచ్చిన కారణం. కొలువు కోసం వచ్చానంటే పరువు తక్కువ, ప్రశాంతత కోసం వచ్చాననాలి. "ల్యాప్‌టాప్ ఉంటే ప్రపంచమంతా నా ఆఫీసే" అనేవాళ్లకు డెన్మార్క్ ప్రత్యేకంగా వీసా ఏమీ ఇవ్వదు. మన పాస్‌పోర్టుతో అక్కడ ఉండి పనిచేసుకోవాలంటే సాధారణంగా అక్కడి ఉద్యోగం కావాలి, దానికో పర్మిట్ కావాలి, ఆ పర్మిట్‌కు తగ్గ జీతం చూపించాలి. హెచ్‌ఆర్ వాళ్లు టికెట్ కొనిచ్చి, ఇల్లు వెతికిపెట్టిన ఈ యాత్రకు "పిలుపు" అని పేరు.

అన్ని వీడియోల్లోనూ తప్పనిసరిగా వచ్చేది గుడ్ల పెట్టె. రోడ్డు పక్కన చిన్న చెక్క అర, లోపల కోడిగుడ్లు, అట్టముక్క మీద ధర, కింద మొబైల్‌పే నంబరు. కాపలాకు మనిషి ఉండడు. మనవాడు దాని ముందు నిలబడి గొంతు గద్గదం చేసుకుంటాడు. "ఎంత నమ్మకం చూడండి! మన దగ్గరైతే పెట్టెతో సహా మాయం!" అంటూ పనిలో పనిగా పుట్టిన దేశానికి రెండు వడ్డించి, ఆరు గుడ్లు పట్టుకుని ఇంటికెళ్తాడు.

ఆ నమ్మకం అక్కడి వానతో పాటు కురిసిందేమీ కాదు. ఆ ఊళ్లో ఫుట్‌బాల్‌కో సంఘం, జిమ్నాస్టిక్స్‌కో సంఘం, పాటలకో సంఘం. ఏడాదికోసారి ప్రతి సంఘానికీ సర్వసభ్య సమావేశం. లెక్కలు చదువుతారు, కోశాధికారిని ఎన్నుకుంటారు, కాఫీ తాగి, కేకు తిని, కుర్చీలు మడిచి గోడకు చేరవేసి వెళ్తారు. సాయంత్రాలు పిల్లలకు బంతాట నేర్పే ఆయనకు చాలాచోట్ల జీతం ఉండదు, ఆయన కూడా ఎవరి తండ్రో. ఎవరు ఎవరి బాకీ ఎగ్గొట్టరో అలాంటి హాళ్లలోనే ఊరికి తెలిసింది. హాలు నడవడానికి స్థానిక సంస్థ, అంటే కమ్యూన్, పన్నుల సొమ్ములోంచి సాయం చేస్తుంది.

ఆ సమావేశంలో మనవాడు ఎందుకు కనపడడు? కాల్ ఉంది. కంపెనీ డేనిష్‌దే, టీము మాత్రం న్యూయార్క్‌లో. "ఇక్కడ నాలుగింటికల్లా అందరూ ఇంటికెళ్లిపోతారండీ, అదీ జీవితం!" అని నాలుగింటికి చెప్పి, నాలుగూ ఐదుకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటాడు. అక్కడ అప్పుడే ఉదయం పది దాటింది మరి. పెళ్లికొచ్చి, నాలుగు రకాల స్వీట్లూ తిని, వడ్డనకు పిలిస్తే ఫోన్ చెవిన పెట్టుకునే బావమరిది ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. డెన్మార్క్‌కు మనం ఎగుమతి చేసింది అతన్నే.

డేనిష్ నేర్చుకోమంటే "అందరికీ ఇంగ్లిష్ వచ్చుగా" అంటాడు. వచ్చు. కొత్తగా వచ్చిన ఉద్యోగులకు డేనిష్ పాఠాలు ఫీజు లేకుండా చెబుతారన్నదీ నిజమే. కేకు తినేటప్పుడు వాళ్లు ఇంగ్లిష్‌లో జోకులేసుకోరన్నది ఇంకా నిజం.

ఆ మొత్తంలో నాకు బాగా నచ్చేది ఎర్రక్షరాల "మేమొక్కళ్లమే". డెన్మార్క్‌లో పుట్టిన రచయిత ఆక్సెల్ శాండెమోసె 1933లో ఓ నవల రాశాడు. అందులో యాంటె అనే ఊరు. తాను మిగతావాళ్లకన్నా ఒక మెట్టు పైన ఉన్నానని ఎవడూ అనుకోకూడదన్నది అక్కడి కట్టుబాటు. ఆ ఊరికి నమూనా ఆయన పుట్టిన న్యూకోబింగ్ మోర్స్ అనే చిన్న పట్నమే. ఆ కట్టుబాటును ఆయన మెచ్చుకుంటూ రాయలేదు, ఊపిరాడనివ్వని ఊరి మీద కసితో రాశాడు. కొవ్వొత్తుల వీడియోల్లో ఆ ఊసే ఉండదు. పైగా అలాంటి చోట "ఈ ఊళ్లో మేమే ప్రత్యేకం" అని టముకు వేసుకోవడానికి ఎంత గుండె కావాలి!

పన్ను సంగతికొద్దాం. విదేశీ నిపుణుల పథకంలో చేరితే 84 నెలల పాటు అన్నీ కలిపి 32.84 శాతం. అదే జీతానికి పక్కింటాయన పై వాటా మీద సగం దాకా సమర్పించుకుంటాడు. పిల్లాడి డేకేర్ ఖర్చులో తల్లిదండ్రుల వాటా పావు వంతు దాటదు, మిగతాది కమ్యూన్ భరిస్తుంది. ఇదంతా చట్టబద్ధమే, వాడుకోవడంలో తప్పేమీ లేదు. చిత్రమేమిటంటే, ఏడేళ్లు నిండవచ్చే కొద్దీ కొందరికి హఠాత్తుగా అమ్మానాన్నలు గుర్తొస్తారు, పిల్లలకు తెలుగు రావడం లేదని దిగులు పుడుతుంది, చలి కూడా ముదురుతుంది. అన్నీ నిజమైన బెంగలే. 83వ నెల దాకా ఓపిక పట్టాయి, అంతే.

అప్పుడు ఆఖరి వీడియో వస్తుంది. "డెన్మార్క్ ఎందుకు వదిలేశాం?" ఖాళీ గదిలో అట్టపెట్టెల మధ్య కూర్చుని మనవాడు బరువుగా నిట్టూరుస్తాడు: "అంతా బాగుంటుందండీ. కానీ ఈ డేనిష్ వాళ్లున్నారే, మనుషుల్ని కలుపుకోరు."