జియోట్యాగ్ పడిందా మాస్టారూ?

కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ బృందం వస్తోందంటే చాలు, కాలేజీలకు బోధన మీద ఎక్కడలేని బెంగ పుట్టుకొస్తుంది. సెమినార్ హాల్లో అధ్యాపకుల మేధోమథనం. అంశం: వెనుకబడిన విద్యార్థికి చేయూత. ఆ విద్యార్థేమో వరండాలో పడిగాపులు. క్లాసు తీసుకోవాల్సిన సారు లోపల చేయూత గురించి చర్చిస్తున్నారు మరి!

విద్యార్థి కేంద్రిత బోధన మీద వక్తగారు స్లైడ్లు చూసి చదువుతుంటారు, గోడకేసి తిరిగి. వెనక వరుసలో ఇద్దరు గుట్టుగా ఇంటర్నల్ పేపర్లు దిద్దుకుంటుంటారు (నిజానికి ఆ పూట విద్యార్థికి పనికొచ్చే పని చేసింది వాళ్లే). సమోసాలొచ్చాక గానీ చర్చ వేడెక్కదు. ఆగిన జీతాలు ఎప్పుడిస్తారని! ఈలోగా నాక్‌కు చూపడానికి జియోట్యాగ్ ఫొటో. అక్షాంశం, రేఖాంశం, తేదీ కింద కనబడాలి. 'అందరూ కాస్త ఆలోచిస్తున్నట్టు ముఖాలు పెట్టండి సార్!'

మెంటార్ల నిష్పత్తీ నాక్ కొలమానాల్లో ఒకటి. కాబట్టి ప్రతి పిల్లాడికీ కాగితం మీద ఓ మెంటార్ ఉంటారు. రిజిస్టర్ తిరగేస్తే సెమిస్టర్ మొత్తం ఒకే పెన్ను, ఒకే దస్తూరి. 'సమస్య: లేదు. సలహా: బాగా చదవాలి.' సాంకేతిక కాలేజీల్లో 15 మంది విద్యార్థులకో అధ్యాపకుడు ఉండాలన్న లెక్కను ఏఐసీటీఈ 2018లో 20కి పెంచింది. యాజమాన్యాలు ఆ ఒక్క సంస్కరణను మాత్రం మథనం లేకుండానే ఒంటబట్టించుకున్నాయి.

మెంటార్ ఎవరో పిల్లాడికి తెలియకపోయినా నష్టం లేదు. జేఎన్‌టీయూ నిబంధన ప్రకారం హాజరు 65, 75 శాతాల మధ్య ఊగిసలాడిందా, ఫీజు కౌంటరే పేరు పెట్టి పిలుస్తుంది, హాజరు లోటును మన్నించే కాండొనేషన్ ఫీజు కట్టమని.