పోర్టు 3000 మీద కర్చీఫ్

మా దగ్గర ఒక చిన్న ఫంక్షన్ ఉంది. ధర ఇస్తే జీఎస్టీ కలిపి మొత్తం చెబుతుంది. అంతకుమించి పాపం దానికేమీ తెలియదు. దాన్ని టెస్ట్ చేద్దామని రన్ కొడితే ముందు డేటాబేస్ లేస్తుంది, వెనకే రెడిస్ లేస్తుంది, కస్టమర్లకు మెయిళ్లు పంపే క్రాన్ జాబ్ ఒళ్లు విరుచుకుని లేస్తుంది. పన్ను శాతం యాప్.జేఎస్‌లో ఉంది మరి. నోడ్‌లో ఒక ఫైల్‌ని రిక్వైర్ చేయడమంటే దాన్ని పైనుంచి కిందిదాకా నడిపించడమే. ఇంత తంతూ అయ్యాక చివర్లో ఎర్రగా ఒక వాక్యం: 3000, అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్.

ఈ 3000 సంగతి ఇవాళ తేలాల్సిందే. టీసీపీలో పోర్టులు 65,535. 1024 లోపువి పెద్దవాళ్లవని వదిలేసినా అరవై నాలుగు వేల పైచిలుకు మిగులుతాయి. అయినా ఎక్స్‌ప్రెస్ పాఠాలకు 3000 కావాలి, రైల్స్‌కి 3000, గ్రఫానాకీ 3000. ఆర్టీసీ బస్సు ఖాళీగా వచ్చినా జనమంతా ఒకే కిటికీలోంచి ఒకే సీటు మీద కర్చీఫ్ వేసినట్టు! పైగా వేసినవాడు ఎప్పుడో దిగిపోయి ఉంటాడు, కర్చీఫ్ మాత్రం హక్కు వదలదు. వెనకాల ఎక్కడో నక్కిన ప్రాసెస్‌ని వెతికి కిల్ మైనస్ 9 కొట్టాలి. 5000 దగ్గర కూర్చునే ఫ్లాస్క్ వాళ్లు సుఖపడుతున్నారనుకునేవాణ్ణి. 2021లో మ్యాక్‌ఓఎస్ మాంటెరే వచ్చి అక్కడ తన ఎయిర్‌ప్లే రిసీవర్‌ని కూర్చోబెట్టింది. డ్రైవర్ బావమరిదే వచ్చి కూర్చుంటే కండక్టర్‌తో చెప్పుకుని ఏం లాభం? మర్యాదస్తుడైతే పోర్టు 0 అడగాలి. అంటే ‘ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ సర్దుకుంటా’నని ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్పడం. కానీ కిటికీ సీటు మరిగినవాడు అలా అడుగుతాడా?

ఈ తంతుకు విరుగుడు అందరికీ తెలిసిందే. యాప్‌ని కట్టడం ఒక ఫైల్‌లో, లిసన్ అనడం ఇంకో ఫైల్‌లో. డేటాబేస్, మెయిల్, గడియారం లాంటివి యాప్ తనంతట తాను తెచ్చుకోకుండా బయటినుంచి చేతికివ్వాలి. ఫ్లాస్క్‌లో దీన్నే అప్లికేషన్ ఫ్యాక్టరీ అంటారు. ఎక్స్‌ప్రెస్‌లో అయితే లిసన్ అనని యాప్‌ని సూపర్‌టెస్ట్‌కి అప్పగిస్తే చాలు, ఖాళీ పోర్టు అదే చూసుకుంటుంది. ఈ పనికి కాస్త టైమ్ ఇవ్వమని మేనేజర్‌ని అడిగితే, ‘‘యాప్ స్టార్ట్ అవుతోంది కదండీ, ఇంకేంటి?’’ అన్నారు. ఇంకేంటో చెప్పడానికి జిరాలో కాలమ్ లేదు.

ఒళ్లు మండి ఆ యాప్.జేఎస్ చరిత్రంతా గిట్‌లో తిరగేశాను. ఒక్కో లైన్ ఒక్కో రాత్రి పుట్టింది. డేటాబేస్ పడిపోయిన రాత్రి మళ్లీ ప్రయత్నించమని ఒకటి, మెయిళ్లు ఆగిపోయిన రాత్రి ఐదు సెకన్లు ఆగమని ఇంకొకటి. కామిట్ మెసేజ్‌లు ‘ఫిక్స్’, ‘ఫైనల్ ఫిక్స్’. రాసినవాళ్లలో చాలామంది కంపెనీలు మారిపోయారు. పాడుచేద్దామని ఎవరూ రాయలేదు. తెల్లారేసరికి యాప్ లేవాలి, అంతే వాళ్ల ఆరాటం. ఆ లైన్ ఎందుకుందో రేపటివాడికి చెప్పే టెస్ట్ రాసే తీరిక మాత్రం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. అందుకే మాకు కోడ్‌తో పాటు భయం కూడా వారసత్వంగా వచ్చింది.

ఆ ఐదు సెకన్లు దేనికో ఇప్పుడు ఎవరికీ తెలియదు. మొన్న కొత్తగా చేరిన కుర్రాడు దాన్ని ఆరు చేశాడు. రివ్యూలో ఎవ్వరం నోరెత్తలేదు.