మూత మీది కన్ను

నేను ల్యాప్‌టాప్ కెమెరాను. మూత తెరిస్తే తెర పైఅంచున, నడిమధ్యలో మినపగింజంత ఉంటాను. పక్కనే ఒక చిన్న దీపం. అది వెలిగిందంటే నేను చూస్తున్నానని గుర్తు. మా వంశంలో మొదట పేరు తెచ్చుకున్నది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని కెమెరా. కాఫీ ఉందో అయిపోయిందో కూర్చున్న చోటి నుంచే తెలుసుకోవడానికి 1991లో అక్కడి కంప్యూటర్ పరిశోధకులు దాన్ని కాఫీ పాత్రకు ఎదురుగా బిగించారు. 1993లో అది ఇంటర్నెట్‌కెక్కింది, 2001లో ఆగిపోయింది. కాఫీకి కాపలా కాసిన మా జాతికి 2020లో, కరోనా కాలంలో, మనుషుల బతుకుతెరువు చూసే పని పడింది. అంతకుముందు ఇంటర్వ్యూ అంటే రాత్రి బస్సెక్కి హైదరాబాదు పోవడం, చుట్టాలింట్లో స్నానం చేసి, ఇస్త్రీ నలగకుండా ఆటోలో చేరడం. ఆ ఖర్చు లేకుండా చిన్న ఊళ్ల పిల్లలు పెద్ద కంపెనీల ముందు కూర్చోగలుగుతున్నారు. నా వల్ల జరిగిన మేలు అదే అనుకుంటాను.

నేను తెనాలిలో ఒక మేడమీది వాటాలో ఉంటున్నాను. మా అమ్మాయి బీకాం చదివి ఊళ్లోనే ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తోంది. హైదరాబాదులో అకౌంట్స్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ లింకు వచ్చింది. ముందురోజు తమ్ముడు పక్కగదిలో ఫోను పట్టుకుని కంపెనీవాళ్లలా కూర్చున్నాడు.

"అక్కా, నీ మొహం నల్లగా ఉంది, ఏమీ కనపడట్లేదు."

ఆమె వెనక కిటికీ ఉంది. వచ్చే వెలుగునంతా కలిపి కొలుచుకుని సర్దుకోవడం నా స్వభావం. వెనక ఎండ ఉంటే దానికి తగ్గట్టు వెలుతురు తగ్గిస్తాను, దాంతో ముందున్న మొహం చీకటైపోతుంది. ఆమె బల్ల తిప్పి కిటికీకి ఎదురుగా కూర్చుంది. మొహం తేటపడింది.

"ఇప్పుడు బాగుంది. కానీ నన్ను చూడకుండా కిందికి చూస్తావేంటి?"

ఆమె తమ్ముణ్ణే చూస్తోంది పాపం. అతని బొమ్మ తెర మధ్యలో ఉంది, నేను పైన ఉన్నాను. బొమ్మను చూస్తూ మాట్లాడితే అవతలివాళ్లకు చూపు దించుకున్నట్టే ఉంటుంది. అందుకని లావుపాటి ఆడిటింగ్ పుస్తకాలు కింద పెట్టి నన్ను కళ్ల ఎత్తుకు లేపింది. వీడియోను చిన్నది చేసి సరిగ్గా నా కిందికి జరిపింది. తన బొమ్మ తనకు కనపడకుండా దాచేసింది. ఇది చాలా మంచి పని. అద్దం ఎదురుగా ఉంటే ఎవరి చెయ్యయినా జుట్టు మీదికే పోతుంది.

వినడం నా పని కాదు, మైకుది. అయినా చెప్తున్నాను, బొమ్మ కాస్త మసకబారినా ఓర్చుకుంటారు, మాట తెగితే మాత్రం విసుగొస్తుంది. ఆమె వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకుని, చప్పుడు చేసే ఫ్యాను ఆపేసింది. కరెంటు పోతే రౌటరు ఆగిపోతుంది కాబట్టి తమ్ముడి ఫోనులో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచింది.

మా మీద ఒక భయం ఉంది, మొహం చూసి మార్కులు వేస్తామని. అది ఊరికే పుట్టిన భయం కాదు. అమెరికాకు చెందిన హైర్‌వ్యూ కంపెనీ, అభ్యర్థులు రికార్డు చేసి పంపిన జవాబులను కంప్యూటర్‌తో అంచనా వేయించేటప్పుడు ముఖకవళికలను కూడా లెక్కలోకి తీసుకునేది. విమర్శలు వచ్చాయి. ఆ పద్ధతి మానేశామని 2021 జనవరిలో ప్రకటించింది. మానడమే న్యాయం. మనిషి పనితనం కనుబొమల్లో ఉండదు.

ఇంటర్వ్యూలో ముగ్గురు కనిపించారు. ప్రశ్న పూర్తయ్యాక ఆమె ఒక్క క్షణం ఆగి మాట్లాడింది. నెట్‌లో మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది, తొందరపడితే ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. "మీ గురించి చెప్పండి" అంటే బడి రోజుల నుంచి మొదలుపెట్టలేదు, ఇప్పుడు చేస్తున్న పని చెప్పింది. ఆఫీసులో ఎదురైన కష్టమేదైనా చెప్పమన్నారు. ఒక షాపు కొనుగోళ్ల లెక్క, సరుకు అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో తయారయ్యే జీఎస్టీఆర్-2బీ స్టేట్‌మెంటుతో కలవలేదట. ఒక్కో బిల్లు సరిచూస్తే, సరుకు పంపినాయన ఈ షాపు జీఎస్టీ నంబరుకు బదులు వేరొకరి నంబరు కొట్టాడని తేలింది. ఆయనకు ఫోను చేసి, మరుసటి నెల రిటర్నులో సవరింపజేసి, ఆ షాపుకు రావలసిన పన్ను క్రెడిట్ వచ్చేలా చేసింది. ఏం జరిగింది, తనేం చేసింది, చివరికేమైంది, అంతే చెప్పింది. బట్టీ పట్టలేదు. ఇలాంటి నాలుగైదు సంగతులు ముందురోజే కాగితం మీద రాసుకుంది కానీ ఆ కాగితం ఎదురుగా పెట్టుకోలేదు. తెర పక్కన జవాబులు అతికించుకుని చదివేవాళ్లను నేను కాపాడలేను. చదివే కళ్లు ఎడమ నుంచి కుడికి పాకుతాయి, నేను ఉన్నదున్నట్టు చూపిస్తాను.

మధ్యలో ఒకాయన లోతైన ఎక్సెల్ ప్రశ్న వేశాడు. "అది నేను వాడలేదండీ, నేర్చుకుంటాను" అని నా వైపు సూటిగా చూసి చెప్పింది. ఆ తర్వాతి వారం ఆఫర్ లెటర్ వచ్చింది.

ఇదంతా ఆమె ఒక్కదాని వల్ల కాలేదు. ఆ గంటసేపు వాళ్లమ్మ కుక్కరు ఎక్కించలేదు, నాన్న టీవీ పెట్టలేదు, తమ్ముడు గుమ్మం దగ్గరే నిలబడి వచ్చినవాళ్లను మెట్ల మీదే ఆపాడు. మీ ఇంట్లో పిల్లలకు వీడియో ఇంటర్వ్యూ ఉందంటే ఆ గంట ఆ గది వాళ్లకు వదిలేయండి. మెత్తటి గుడ్డతో నన్నొకసారి తుడిచి, తలుపు దగ్గరగా వేసి వెళ్లండి.