వర్తక ప్రభువులకు వందనం

చెన్నపట్నం చాంబర్ ఆఫ్ కామర్స్ దొరలారా, మీ దయను పొగడాలంటే ఒక్క నోరు చాలదు. 1836 సెప్టెంబరు 29న బిన్నీ కంపెనీ ఆఫీసులో కూడి, దక్షిణాది వర్తకం బరువంతా మీ నెత్తికెత్తుకున్నారు. మా కోమట్లకూ చెట్టిలకూ అలసట కలగకూడదని, ఆలోచన చేసే శ్రమ తెల్ల కంపెనీలే పడ్డాయి. మాకు మిగిలింది ఆ ఆలోచనల ఫలం అనుభవించడమే.

రేవు కావాలని మీరు పోరాడిన తీరు చూస్తే రాయైనా కరగాలి. మసూలా పడవలవాళ్లు ప్రాణాలకు తెగించి అలలమీద బేళ్లు దాటిస్తుంటే మీ గుండె చెరువైంది: బేళ్లు తడుస్తున్నాయని! 1881 తుపానుకు రేవు కట్టడం కూలినా మీరు పట్టు విడవలేదు. పత్తీ తోళ్లూ సుళువుగా సీమకు పోవాలి, సీమబట్ట అంతకన్నా సుళువుగా దిగాలి. ఇచ్చిపుచ్చుకోవడమంటే ఇదే కదా!

మాంచెస్టర్‌లోని మీ జ్ఞాతులదీ గొప్ప సమదృష్టే. సీమ బట్టమీద సుంకం వేస్తే మా మిల్లులు చిన్నబుచ్చుకుంటాయని గోలపెట్టి, 1896లో మా మిల్లుబట్టకూ నూటికి మూడున్నర వడ్డింపజేశారు. పంక్తిభేదం ఎరుగని మహాత్ములు!

మీ వేదాంతబోధ మరీ గొప్పది. మీ మొదటి అధ్యక్షుడు జాన్ ఆల్వెస్ అర్బత్‌నాట్. ఆయన ఇంటిపేరు మోసిన కంపెనీ 1906 అక్టోబరులో చేతులెత్తేసి, ధనం అశాశ్వతమని వేల కుటుంబాలకు ఒక్కపూటలో తెలియజెప్పింది. ఏళ్ల తరబడి పురాణం విన్నా అబ్బని జ్ఞానమది! కంపెనీ పెద్ద సర్ జార్జి దొరకు 18 నెలల కఠినశిక్ష పడింది. దాచుకున్నది పోగొట్టుకున్నవాళ్ల వైరాగ్యం మాత్రం యావజ్జీవం.

మీ చలవవల్లనే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. 1909లో మన తెలుగువాడు పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షుడిగా దక్షిణ భారత వాణిజ్య మండలి వెలిసింది. మీరు మొదటే కాస్త జరిగి మాకూ కుర్చీ వేసుంటే, మీ పక్కన కూర్చున్న గర్వంతోనే మురిసిపోయి ఈ రెండిటి ఊసూ ఎత్తకపోదుమేమో! గుమ్మం బయట నిలబెట్టి మరీ సొంత ఇల్లు కట్టించిన గురువులు మీరు. గురుదక్షిణ ముందుగానే, వడ్డీతో సహా వసూలు చేసుకున్నారు గనక, ఇక మేం మీకు బాకీ లేము.